ఒక్క రోజులో గ్రీకు దీవి: ఏ రేవు నుంచి ఏ పడవ ఎక్కాలి?

"ఏథెన్స్‌లో మూడు రోజులు ఉంటాం. అందులో ఒక రోజు ఏదైనా దీవికి వెళ్లి రావాలి. ఏది బాగుంటుంది?" గ్రీస్ బయల్దేరే మనవాళ్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. అడిగేవాళ్లలో చాలామంది మనసులో అప్పటికే సాంటోరిని ఉంటుంది. నీలి గోపురాలు, తెల్ల గోడలు ఫోనులో చూసి చూసి ఉంటారు కాబట్టి. వాళ్లకు ముందే చెప్పేస్తాను: ఏథెన్స్ రేవు పిరేయస్ నుంచి సాంటోరినికి మామూలు ఫెర్రీలో ఏడున్నర, ఎనిమిది గంటలు పడుతుంది. వేగంగా వెళ్లే పడవలోనూ ఐదు గంటలకు అటూఇటూ. పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి రావడం కుదరదు. సాంటోరిని చూడాలంటే అక్కడ కనీసం రెండు రాత్రులు ఉండేలా వెళ్లండి.

ఒక రోజు ట్రిప్పుకు నేను రెండు లెక్కలు చూస్తాను. ఒకటి, రానూపోనూ నీటి మీద గడిచే టైము నేల మీద గడిపే టైములో సగం దాటకూడదు. రెండు, నేను ఎక్కాలనుకున్న తిరుగు పడవ ఆ రోజుకు ఆఖరిది కాకూడదు. దాని తర్వాత ఇంకొకటి ఉండాలి. అందుకే దీవి పేరు కంటే ముందు తిరుగు పడవల టైములు చూస్తాను. సాయంత్రం నాలుగుకి ఒకటి, ఆరుకి ఒకటి, ఎనిమిదికి ఒకటి ఉంటే టెన్షన్ ఉండదు. ఉన్నది ఒక్కటే అయితే మధ్యాహ్నం నుంచే గడియారం చూస్తూ కూర్చుంటాం. భోజనం కూడా సరిగ్గా దిగదు.

నేనుండేది మ్యూనిక్‌లో. మా అమ్మానాన్నలు ఇక్కడికి వచ్చినప్పుడు వాళ్లని గ్రీస్ తీసుకెళ్లాను. నాన్నది నరసాపురం దగ్గరి ఊరు. పడవంటే ఆయనకు భయం లేదు, కానీ అమ్మకు మోకాళ్ల నొప్పులు. కింద రాసేదంతా ఆ ఇద్దరినీ దృష్టిలో పెట్టుకుని చూసినదే. వయసులో ఉన్నవాళ్లు నా సలహాల్లో కొన్నిటిని పక్కన పెట్టేసుకోవచ్చు.

ఏథెన్స్‌లో ఉంటే: ఏజినా, హైడ్రా

ఏథెన్స్ నుంచి ఒక రోజుకు సరిపోయేవి సరోనిక్ అఖాతంలోని దీవులే: ఏజినా, అగిస్త్రి, పోరోస్, హైడ్రా. ఇవి ప్రధాన భూభాగానికి దగ్గరగా, గాలికి కాస్త చాటుగా ఉంటాయి. అసలు పోటీ మాత్రం ఏజినాకీ హైడ్రాకీ మధ్యే.

ఏజినాకు మామూలు ఫెర్రీలో గంటా పావు. "ఫ్లయింగ్ డాల్ఫిన్" అని పిలిచే హైడ్రోఫాయిల్‌లో (అడుగున రెక్కల మీద నీటి పైకి లేచి వేగంగా వెళ్లే పడవ) నలభై నిమిషాలు. హైడ్రాకు కార్లెక్కించే పెద్ద ఫెర్రీలు వెళ్లవు. ఎందుకంటే ఆ దీవి మీద కార్లే తిరగవు. చెత్త బండి, అత్యవసర వాహనాలు తప్ప మోటారు బండి కనబడదు. కాబట్టి హైడ్రాకు వేగపు పడవ ఒక్కటే దారి. గంటన్నర నుంచి రెండు గంటలు పడుతుంది. ఛార్జీ కూడా ఏజినా మామూలు ఫెర్రీకి అయ్యేదానికి సుమారు మూడింతలు ఉంటుంది. నలుగురు కుటుంబంగా వెళ్తే ఆ తేడా బాగానే తెలుస్తుంది.

అందంలో హైడ్రాదే పైచేయి. పడవ మలుపు తిరగగానే ఒక్కసారిగా రేవు కళ్ల ముందుకొస్తుంది: చుట్టూ కొండ, కొండ మీదికి మెట్లు మెట్లుగా బూడిద రంగు రాతి భవనాలు, కింద వరసగా కట్టేసిన కంచర గాడిదలు. 1821లో మొదలైన గ్రీకు స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన ఓడల్లో చాలా భాగం ఈ చిన్న దీవి వ్యాపారులవే. ఓడ వ్యాపారం డబ్బుతో వాళ్లు కట్టుకున్న మేడలే ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. అక్కడ కూర్చుని కాఫీ తాగుతుంటే ఒక గాడిద మీద సిమెంటు బస్తాలు, ఇంకో గాడిద మీద ఎవరిదో సూట్‌కేసు మా ముందు నుంచి వెళ్లాయి. హారన్ మోత లేదు, వినబడేదంతా డెక్కల చప్పుడే. నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "చిన్నప్పుడు మా ఊరు ఇంత నిశ్శబ్దంగా ఉండేదిరా" అన్నారు.

కానీ రేవు దాటి లోపలికి వెళ్తే అన్నీ మెట్లే. ఈతకు పొడవాటి ఇసుక తీరాలు లేవు, రాళ్ల మీద నుంచి నీళ్లలోకి దిగాలి. అమ్మ రేవు అంచున కూర్చుండిపోయింది. మేమిద్దరం తీరం వెంబడి కామిని అనే పక్క పల్లె దాకా నడిచి వచ్చేశాం. మోకాళ్లు బాగున్నవాళ్లు, ఫొటోలు తీసుకునేవాళ్లు, కొత్తగా పెళ్లయిన జంటలు అయితే కళ్లు మూసుకుని హైడ్రా ఎంచుకోవచ్చు.

పెద్దవాళ్లతో, పిల్లలతో వెళ్లేవాళ్లకు మాత్రం నా ఓటు ఏజినాకే. పడవలు ఎక్కువ, టికెట్ తక్కువ, రేవు దగ్గరే బస్సు దొరుకుతుంది. ఆ బస్సు కొండల మీదుగా అయ్యా మరీనా అనే ఊరి వైపు వెళ్తూ దారిలో సెయింట్ నెక్టారియోస్ మఠం దగ్గర ఆగుతుంది. ఆ తర్వాత అఫాయా అనే దేవత గుడి. క్రీ.పూ. 500 ప్రాంతంలో కట్టిన గుడి, ఏథెన్స్‌లోని పార్థెనాన్ కంటే పాతది. దేవదారు చెట్ల మధ్య గుట్ట మీద ఉంటుంది. స్తంభాలు చాలావరకు ఇంకా నిలబడే ఉన్నాయి. అక్కడికి వెళ్లినప్పుడు నాకు ఒళ్లు ఝల్లుమంది, కారణం వేరే ఉంది. ఆ గుడి త్రికోణపు కప్పు కింద ఉండాల్సిన వీరుల శిల్పాలను నేను మా ఊళ్లోనే చూశాను. 1811లో అక్కడ బయటపడిన వాటిని మ్యూనిక్ రాజధానిగా ఉన్న బవేరియా యువరాజు లుడ్విగ్ కొని తెప్పించాడు. ఇప్పుడు మ్యూనిక్ గ్లిప్టోథెక్ మ్యూజియంలో ఉన్నాయి. చావుకు దగ్గరపడుతూ మోచేతి మీద ఒరిగిన ఆ యోధుడు ఏ గుట్ట మీద, ఏ సముద్రానికి ఎదురుగా ఉండేవాడో గుడి ముందు నిలబడ్డాక అర్థమైంది. జర్మనీలో ఉండే తెలుగువాళ్లు ముందు ఆ మ్యూజియం చూసి తర్వాత ఏజినా వెళ్లండి.

బస్సులు తక్కువ కాబట్టి దిగగానే తిరుగు బస్సు ఎన్నింటికో ఫొటో తీసి పెట్టుకోండి. గుడి వద్దనుకుంటే రేవు నుంచి నడిచి వెళ్లే దూరంలోనే కొలోనా ఉంది. పాత అపోలో గుడి తాలూకు ఒక్క స్తంభం ఒంటరిగా నిలబడి ఉంటుంది. సాయంత్రం పూట అక్కడి నుంచి సముద్రం చాలా బాగుంటుంది.

మిగతా రెండిటి గురించి రెండు మాటలు చాలు. పోరోస్ పచ్చగా, హాయిగా ఉంటుంది. ఎదురుగా గలాటాస్ అనే ఊరు ఇరుకైన జలసంధికి అవతల చేతికందేంత దగ్గర. కానీ చూసి తీరాల్సిందంటూ ఏమీ లేదు. అగిస్త్రి ఈతకు బాగుంటుంది, ఏజినా నుంచి పావుగంట లోపే. రెండోసారి వచ్చినప్పుడు వెళ్లొచ్చు.

"మూడు దీవులు ఒకే రోజు" అని హైడ్రా, పోరోస్, ఏజినా కలిపి తిప్పే క్రూయిజ్ ఉంది. హోటల్లో పికప్, పడవలోనే భోజనం, సంగీతం అన్నీ ఉంటాయి. నడవలేని పెద్దవాళ్లకు అది సుఖమే, కాదనను. పడవలో కూర్చుని సముద్రం చూడటమే మీకు కావాలంటే డబ్బుకు తగ్గట్టే ఉంటుంది. దీవి చూడాలంటే మాత్రం వద్దు. ఒక్కో చోట దొరికేది గంటా, రెండు గంటలే. నేను పైన చెప్పిన లెక్కకు పూర్తిగా తలకిందులు.

ఫాస్ట్ పడవా, మామూలు ఫెర్రీయా?

టికెట్ల సైటులో నలభై నిమిషాలు, డెబ్బై అయిదు నిమిషాలు పక్కపక్కన కనబడితే వేలు నలభై మీదికే వెళ్తుంది. ఒక్కసారి ఆగండి. హైడ్రోఫాయిల్ లోపల విమానంలోలా సీట్లు, మూసి ఉన్న కిటికీలు, వాటి మీద ఉప్పు నీటి మరకలు. బయటికి వచ్చి నిలబడేందుకు చోటు ఉండదు. అలలు ఎక్కువుంటే కడుపులో తిప్పేది దీంట్లోనే. మామూలు ఫెర్రీలో పై డెక్ మీద గాలికి కూర్చోవచ్చు, నడవొచ్చు, పిల్లలు సముద్ర పక్షుల్ని చూడొచ్చు. గ్రీకు దీవుల ప్రయాణంలో సగం ఆనందం ఆ డెక్ మీదే ఉంది. ఏజినాకు వెళ్లేటప్పుడు మామూలు ఫెర్రీలో వెళ్లి, అలసిపోయిన సాయంత్రం ఫాస్ట్ పడవలో రావడం మాకు బాగా కుదిరింది.

పెద్ద ఫెర్రీ ఎక్కడం మొదటిసారి కాస్త కంగారుగా ఉంటుంది. ఓడ వెనక భాగంలో పెద్ద ఇనుప తలుపు పడుకుని ర్యాంప్ అవుతుంది. లారీలు, మోటారు సైకిళ్లు, బ్యాగులు లాక్కుంటూ మనుషులు, అందరూ అదే ర్యాంప్ మీదే ఎక్కుతారు. లోపల డీజిల్ వాసన, గొలుసుల చప్పుడు, చేతులూపుతూ అరిచే సిబ్బంది. బరువు సామాన్లు అక్కడే అరల్లో పెట్టి మెట్లెక్కి పైకి వెళ్లాలి. దిగేటప్పుడు ఓడ ఆగాక లేద్దామనుకోవద్దు. మీ దీవి పేరు మైకులో వినబడగానే కిందికి వచ్చేయాలి. మధ్య రేవుల్లో కొన్ని నిమిషాలే ఆగుతుంది. ఇంకో సంగతి, మైకులో గ్రీకు ఉచ్చారణ వినబడుతుంది: హైడ్రాను "ఈద్రా" అంటారు, ఏజినాను "ఎయినా" అంటారు. చెవిలో వేసుకుని వెళ్లండి.

పిరేయస్ చాలా పెద్ద రేవు. గేట్లకు నంబర్లుంటాయి. సరోనిక్ దీవుల పడవలు మామూలుగా గేట్ ఈ8 దగ్గర ఉంటాయి, మెట్రో నుంచి నడిచి వెళ్లగలిగే దూరమే. 2022 నుంచి మెట్రో మూడో లైను ఎయిర్‌పోర్టు నుంచి నేరుగా పిరేయస్ దాకా వస్తోంది. కొన్ని గేట్లు మాత్రం చాలా దూరం. టికెట్ మీద గేటు నంబరు చూసుకుని అరగంట, ముప్పావుగంట ముందే చేరండి. టికెట్ మీద పేరు ఉంటుంది, పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోండి.

మైకొనోస్ దీవిలో ఉంటే: డెలోస్, టీనోస్

ఇక్కడ ఎంపిక కష్టం. రెండూ పుణ్యక్షేత్రాలే, ఒకటి పాతది, ఒకటి నేటికీ బతికి ఉన్నది.

డెలోస్ అపోలో, ఆర్టెమిస్ అనే దేవతలు పుట్టిన చోటని పాత గ్రీకుల నమ్మకం. మైకొనోస్ పాత రేవు నుంచి అరగంట. దీవి అంతా శిథిల నగరమే, 1990లో యునెస్కో వారసత్వ జాబితాలో చేరింది. రాత్రి ఉండనివ్వరు. క్రీ.పూ. 5వ శతాబ్దంలో ఏథెన్స్ వాళ్లు ఈ దీవి మీద ఎవరూ పుట్టకూడదు, ఎవరూ చావకూడదు అని నియమం పెట్టి, అప్పటికే ఉన్న సమాధులను కూడా తవ్వించి తీసేశారు. అంత పవిత్రంగా చూసుకున్నారు. వరసగా నోళ్లు తెరిచి కూర్చున్న పాలరాతి సింహాలు (బయట ఉన్నవి నకళ్లు), వాటి ఎదుట ఒకప్పటి పవిత్ర సరస్సు. మలేరియా భయంతో 1920లలో దాన్ని ఎండగట్టేశారు. ఇప్పుడు ఆ గుంటలో ఒక్క ఖర్జూరపు చెట్టు ఉంది. చరిత్ర ఇష్టపడేవాళ్లకు మొత్తం గ్రీస్‌లో ఇంతకు మించిన అరపూట లేదని నా అభిప్రాయం. నీడ మాత్రం దాదాపు సున్నా. నీళ్లు, టోపీ, మంచి చెప్పులు తప్పనిసరి, మొదటి పడవలోనే వెళ్లాలి. దీవిలోకి ప్రవేశ టికెట్ పడవ టికెట్‌కు వేరు. సోమవారం వెళ్లాలనుకుంటే తెరిచి ఉంటుందో లేదో ముందే కనుక్కోండి.

టీనోస్‌కు మైకొనోస్ కొత్త రేవు నుంచి పెద్ద ఓడలే వెళ్తాయి, అరగంట అటూఇటూ. 1823లో దొరికిన మేరీమాత చిత్రపటం కోసం కట్టిన పాలరాతి చర్చి ఊరి పైన కొండవాలులో ఉంది. రేవు నుంచి చర్చి దాకా రోడ్డు పక్కన సన్నగా ఒక తివాచీ పరిచి ఉంటుంది. అది మోకాళ్ల మీద పాకుతూ ఎక్కే భక్తుల కోసం. మేం వెళ్లినప్పుడు నల్ల బట్టలు వేసుకున్న ఒక పెద్దావిడ, చేతులకు తొడుగులు వేసుకుని, కొంత దూరం పాకడం, ఆగి ఊపిరి పీల్చుకోవడం, మళ్లీ పాకడం. పక్కనే కార్లు వెళ్తున్నాయి, ఎవరూ వింతగా చూడటం లేదు. అమ్మ ఆవిడ పక్కనే మెల్లగా నడిచింది. తిరుమల నడకదారిలో మోకాళ్ల పర్వతం ఎక్కిన మనిషికి అక్కడ ఎవరూ ఏమీ వివరించక్కర్లేదు. మొత్తం ట్రిప్పులో అమ్మ ఇప్పటికీ చెప్పుకునేది టీనోస్ గురించే.

ఆగస్టు 15 ఈ చర్చికి పెద్ద పండుగ. ఆ వారంలో ఓడల్లో చోటు దొరకడం కష్టం. పండుగ చూడటానికే వెళ్తే తప్ప ఆ రోజులు వదిలేయండి. పెద్దవాళ్లు తోడుంటే టీనోస్, చదువుకునే పిల్లలుంటే డెలోస్ అంటాను. డెలోస్ పొద్దున్నే చూసి మధ్యాహ్నానికి వచ్చేస్తే రెండూ రెండు రోజుల్లో హాయిగా అయిపోతాయి.

మిగతా చోట్ల

పారోస్, నాక్సోస్ దీవుల్లో దేంట్లో ఉన్నా రెండోదానికి వెళ్లి రావడం సులువు, ఓడలు బోలెడు. నాక్సోస్ రేవులో అడుగుపెట్టకముందే పోర్టారా కనబడుతుంది. క్రీ.పూ. 6వ శతాబ్దంలో మొదలుపెట్టి పూర్తి చేయకుండా వదిలేసిన గుడి తాలూకు పాలరాతి ద్వారబంధం అది. పారోస్‌లో ఉంటే అంటిపారోస్ ఇంకా సులువు: పౌండా రేవు నుంచి కార్లు, మనుషులు కలిసి ఎక్కే చదునైన ఫెర్రీలో పది నిమిషాలు. దాన్ని చూడగానే నాన్న, "ఇది మన సఖినేటిపల్లి పంటే కదరా!" అన్నారు. నిజంగా అలాగే ఉంది.

క్రీట్ దీవిలో హెరాక్లియోన్ ఊరి దగ్గర ఉండి సాంటోరిని ఒక రోజులో చూడాలనుకునేవాళ్లు చాలామంది. వేసవిలో ఫాస్ట్ పడవలో సుమారు రెండు గంటలు కాబట్టి సాధ్యమే. అయితే దిగేది అథినియోస్ రేవులో. అక్కడి నుంచి మెలికల రోడ్డు మీద పైకి ఎక్కడానికే కొంత టైము పోతుంది. సూర్యాస్తమయం ముందే తిరిగి బయల్దేరాలి. సాంటోరిని ఎప్పటికైనా మళ్లీ వస్తామన్న నమ్మకం ఉంటే ఇప్పుడు వద్దనే చెబుతాను. ఈ జన్మకు ఇదే అవకాశం అనుకుంటే మాత్రం వెళ్లండి. అగ్నిపర్వతం పేలి మిగిలిన ఆ కొండ అంచున ఒక్క గంట నిలబడినా మరిచిపోరు.

రోడ్స్ దీవిలో ఉంటే సీమి దీవి. రంగు రంగుల ఇళ్ల రేవు, గంట ప్రయాణం. ఆలోచించాల్సిన పని లేదు. కోస్ దీవిలో ఉంటే నీసిరోస్. బస్సెక్కి అగ్నిపర్వతం నోట్లోకే దిగి నడవొచ్చు, గంధకం వాసన ముక్కు పుటాలు అదరగొడుతుంది.

కోస్ దగ్గర ఒక పెద్ద హెచ్చరిక ఉంది. అక్కడి నుంచి టర్కీలోని బోద్రుమ్ కంటికి కనబడేంత దగ్గర. ఏజెంట్లు "డే ట్రిప్" అని నీసిరోస్ పక్కనే దాని బోర్డు కూడా పెడతారు. రోడ్స్ నుంచి మార్మారిస్‌కు, సామోస్ నుంచి కుషాదాసికి కూడా ఇలాంటివే ఉన్నాయి. భారత పాస్‌పోర్టు మీద సింగిల్ ఎంట్రీ (ఒక్కసారే లోపలికి రానిచ్చే) షెంగెన్ వీసాతో, అంటే గ్రీస్‌తో సహా చాలా యూరప్ దేశాలకు కలిపి ఇచ్చే వీసాతో వచ్చినవాళ్లు ఆ పడవ ఎక్కకూడదు. టర్కీలో దిగితే షెంగెన్ నుంచి బయటికి వెళ్లినట్టే. సాయంత్రం తిరిగి గ్రీస్‌లోకి రానివ్వరు, సామానంతా హోటల్లోనే ఉండిపోతుంది. మా అమ్మానాన్నల వీసాలు సింగిల్ ఎంట్రీవే. టికెట్ అమ్మే ఆయన ఆ మాట అడగనే లేదు. మన వీసా కాగితం మనమే చదువుకోవాలి. మల్టిపుల్ ఎంట్రీ ఉన్నా టర్కీ వీసా వేరే కావాలి.

గాలి

జూలై, ఆగస్టుల్లో ఏజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి మెల్టెమి అనే గాలి వీస్తుంది. ఆకాశం నిర్మలంగా, ఎండ ఫెళ్లున కాస్తూనే ఉంటుంది, కానీ గాలి మరీ పెరిగితే పడవలు ఆపేస్తారు. తీర రక్షక దళం ఇచ్చే ఆ నిషేధాన్ని అక్కడివాళ్లు "అపగొరెఫ్తికో" అంటారు. రేవులో ఆ మాట వినబడితే కాళ్లు చాపుకుని కూర్చోవడమే. ముందు ఆగేవి చిన్న పడవలు, ఫాస్ట్ పడవలు. పెద్ద ఓడలు ఇంకా కొంత గాలిని తట్టుకుంటాయి. మైకొనోస్, నాక్సోస్, పారోస్ ఉండే సిక్లడీస్ దీవుల మీద దీని దెబ్బ ఎక్కువ. సరోనిక్ దీవుల మీద తక్కువ. వేసవిలో ఏథెన్స్ నుంచి ఏజినా వెళ్లమనడానికి ఇదొక బలమైన కారణం.

మాకు డెలోస్ పడవ ఒకసారి ఇలాగే రద్దయింది. డబ్బులు వెనక్కి ఇచ్చారు, మర్నాడు వెళ్లాం. యూరోపియన్ యూనియన్ నియమాల ప్రకారం ప్రయాణం రద్దయినా, తొంభై నిమిషాలు దాటి ఆలస్యమైనా టికెట్ డబ్బు వాపసు కానీ, వేరే పడవలో చోటు కానీ మీరు కోరుకోవచ్చు. వాతావరణం వల్ల అయితే దానిపైన నష్టపరిహారం మాత్రం రాదు. అందుకే దీవి ట్రిప్పును విమానం ఎక్కే రోజుకు ముందు రోజు పెట్టుకోవద్దు. మొదటి రోజుల్లోనే పెట్టుకుంటే, రద్దయినా ఇంకో రోజు చేతిలో ఉంటుంది.

శాకాహారుల కోసం ఒక మాట. హోటల్లో "నిస్తీసిమో" అని అడగమని చాలామంది చెబుతారు. అది చర్చి ఉపవాసాల తిండి. మాంసం, పాలు, గుడ్లు ఉండవు. కానీ రొయ్యలు, ఆక్టోపస్ ఆ ఉపవాసంలో చెల్లుతాయి, ప్లేటులోకి వచ్చేయగలవు. రొయ్యలు, చేపలు, ఆక్టోపస్ ఏవీ వద్దని విడిగా చెప్పండి. ఫావా అడిగితే పసుపు పచ్చగా మెత్తటి పప్పు వస్తుంది, పైన ఉల్లిపాయ, ఆలివ్ నూనె, నిమ్మకాయ. నాన్న దాన్ని ముద్దపప్పు అనే పిలిచారు, రోజూ తిన్నారు. అన్నం కూరిన టమాటాలు, క్యాప్సికమ్ ఉండే గెమిస్తా కూడా మనకు నచ్చుతుంది. అందులో మాంసం కలిపే రకం కూడా ఉంది, అడిగి తీసుకోండి.

ఇంత చదివాక కూడా తేలకపోతే, ఏథెన్స్‌లో ఉన్నవాళ్లు వారం మధ్యలో ఒక రోజు చూసుకుని పొద్దున ఎనిమిదికి అటూఇటూ ఉన్న మామూలు ఫెర్రీలో ఏజినా వెళ్లండి. ఆదివారం సాయంత్రం మాత్రం వద్దు, సెలవుకి వెళ్లిన ఏథెన్స్ జనమంతా ఆ ఓడల్లోనే తిరిగి వస్తారు. తిరుగు పడవకు అరగంట ముందు రేవులోకి రండి. అక్కడ చిన్న చిన్న దుకాణాల్లో ఆ దీవిలోనే పండిన పిస్తా అమ్ముతారు. సెప్టెంబరు అయితే కొత్త పంట. పెంకు దానంతట అదే విచ్చుకున్నవి చూసి ఒక పొట్లం కట్టించుకుని, పై డెక్ మీద ఎడమ పక్కనో కుడి పక్కనో ఎండ లేని వైపు కూర్చోండి. పిరేయస్ చేరేసరికి పొట్లం ఖాళీ అవుతుంది, ఇంటికి పట్టుకెళ్లడానికి కావాలంటే రెండోది ముందే కొనుక్కోండి.